బందోబస్తుకు మిలటరీ ఎందుకు?

ఎక్కడ గొడవ జరిగినా టీవీ చర్చల్లో ఒకరైనా అనే మాట: ‘మిలటరీని దించితే గంటలో సర్దుకుంటుంది.’ సర్దుకోవచ్చు, ఆ గంట వరకు.

2025 జూన్‌లో ట్రంప్ అదే చేశారు. గవర్నర్ వద్దంటున్నా నిరసనలు జరుగుతున్న లాస్ ఏంజెలెస్‌కు దాదాపు 4,000 మంది నేషనల్ గార్డులనూ, 700 మంది మెరైన్లనూ పంపారు. అక్కడ పిల్లలున్న మన ఇళ్లలో ఎంత టెన్షన్ పడ్డారో చెప్పక్కర్లేదు. గార్డులంటే మామూలు రోజుల్లో ఏదో ఉద్యోగం చేసుకునే రిజర్వు సైనికులే. 1970 మే 4న ఒహాయో గార్డులు కెంట్ స్టేట్ యూనివర్సిటీలో తుపాకులు పేలిస్తే నలుగురు విద్యార్థులు చనిపోయారు.

మన దగ్గర అలాంటిది టెరిటోరియల్ ఆర్మీ. అందులో గౌరవ హోదా ఉన్న ధోనీ పుణ్యమా అని పేరు అందరికీ తెలుసు, పని తెలిసింది కొందరికే. 1948 చట్టంతో ఏర్పడింది. సికింద్రాబాద్‌లోనూ ఒక బెటాలియన్ ఉంది. సైన్యానికి కాపలా పనుల భారం తగ్గించడం, విపత్తులొచ్చినా అత్యవసర సేవలు ఆగినా ప్రభుత్వానికి సాయపడటం దాని బాధ్యత. అందులో ఎవరికీ పేచీ లేదు. 2020 అక్టోబరు వరదల్లో బండ్లగూడ వైపు సైన్యం వచ్చినప్పుడు ఎందుకొచ్చారని అడిగినవాళ్లు లేరు.

జనం గుమిగూడిన చోట లెక్క వేరు. శాంతిభద్రతలు రాష్ట్రాల బాధ్యత. గుంపును చెదరగొట్టడానికి సైన్యాన్ని పిలిచినా వీలైనంత తక్కువ బలమే వాడాలని పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 149వ సెక్షన్ చెబుతోంది. యుద్ధానికి తయారైన మనిషికి అది అలవాటైన పని కాదు. గణేశ్ నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ మీద లారీకీ జనానికీ మధ్య తాడు పట్టుకుని ‘అన్నా, జర వెనక్కి’ అని గొంతు పోయేదాకా అరిచే హోంగార్డుకు ఆ గుంపులో సగం మంది పక్క బస్తీ వాళ్లే. ఎవర్ని బతిమాలాలో, ఎవర్ని కసరాలో అతనికి తెలుసు.

అలాంటి మనిషికి మనమిచ్చేది రోజుకూలీ. తెలంగాణలో అది 921 రూపాయల నుంచి వెయ్యికి పెరిగింది 2025 జనవరిలోనే. నగర భద్రతకు అసలైన రిజర్వు వీళ్లే అయినప్పుడు జీతం, శిక్షణ ఆ స్థాయిలో ఉండాలి కదా.

2026 చివర్లో అగ్నివీరుల, అంటే నాలుగేళ్ల కోసం సైన్యంలో చేరినవాళ్ల, తొలి బ్యాచ్ గడువు పూర్తిచేసుకుంటుంది. నాలుగింట మూడొంతుల మంది బయటికొస్తారు. పోలీసు శాఖ తీసుకుంటే మంచిదే. కానీ తుపాకీ ఇచ్చి పాతబస్తీలో పికెట్‌కు పంపే ముందు కొన్ని నెలలు ఆ హోంగార్డుల పక్కనే, లాఠీ కూడా లేకుండా డ్యూటీ వేయాలి.