నడకకి బ్యాండ్ చాలదా?
రోజువారీ వాడకానికైనా చేతికి కట్టుకునే ఫిట్‌నెస్ బ్యాండ్ కంటే స్మార్ట్‌వాచే మేలు, స్టెప్స్ కరెక్ట్‌గా వస్తాయి అని ఒక రివ్యూలో రాశారు గానీ నేనైతే ఒప్పుకోను. రెండింట్లోనూ అడుగులు లెక్కేసేది చేతి ఊపుని పట్టే యాక్సిలరోమీటరే కదండీ, అందుకే కూర్చుని చపాతీ పిండి పిసికినా కొన్ని స్టెప్స్ పడిపోతాయి, అదే సూపర్‌మార్కెట్లో ట్రాలీ పట్టుకుని ఎంత తిరిగినా సరిగ్గా ఎక్కవు, చెయ్యి ఊగదు మరి. ఆపిల్ వాచ్ సిరీస్ 10కి కంపెనీ చెప్పే బ్యాటరీయే 18 గంటలు, రాత్రి ఛార్జింగ్‌కి పెడితే ఇంక స్లీప్ ట్రాకింగ్ ఎక్కడిది? బ్యాండ్ వారం పైనే లాగుతుంది. జీపీఎస్‌తో రన్నింగ్ రూట్ చూసుకునేవాళ్ళ సంగతి వేరు, వాళ్ళు వాచ్ కొనుక్కుంటే మేలు. బ్యాండ్‌తో నాకున్న పేచీ ఒక్కటే, ఆ సిలికాన్ పట్టీ కింద ఎండాకాలం చెమటకి ఒకటే దురద, ఈ రివ్యూల్లో అది మాత్రం ఎవరూ రాయరు.