లాయర్ చెప్పింది అభిప్రాయం మాత్రమేనా?

సెప్టెంబర్ 11 దాడుల తర్వాత అమెరికా గూఢచార సంస్థ సీఐఏ ఖైదీలను పెట్టిన చిత్రహింసల సంగతి, వాటికి చట్టం అడ్డురాదని రాసిచ్చిన ప్రభుత్వ లాయర్ల సంగతి ఎప్పుడు చర్చకు వచ్చినా ఒక వాదన వినిపిస్తుంది: "కొట్టినవాణ్ని అడగండి, లాయర్‌ని ఎందుకు? అతను అభిప్రాయం చెప్పాడంతే. అదీ సెప్టెంబర్ 11 దాడుల టెన్షన్‌లో. విచారణలో తప్పేమీ లేదని తేలింది కూడా. ఇంకా వెంటపడితే రేపు ఏ ప్రభుత్వ లాయరూ నోరు విప్పడు."

అభిప్రాయమట! అమెరికా న్యాయశాఖలోని ఆఫీస్ ఆఫ్ లీగల్ కౌన్సెల్ ఏం చెబితే ప్రభుత్వ శాఖలకు అదే చట్టం. 2002 ఆగస్టు 1న అక్కడి నుంచి వచ్చిన మెమోను అక్కడి లాయర్ జాన్ యూ తయారు చేస్తే, ఆ ఆఫీస్ అధిపతి జే బైబీ సంతకం పెట్టారు. అవయవం పాడైపోయేంత, ప్రాణం పోయేంత నొప్పి ఉంటేనే చిత్రహింస అన్నారు. ఈ కొలత ఎక్కడిదనుకున్నారు? అత్యవసర వైద్యం అంటే ఏమిటో చెప్పే ఆరోగ్య చట్టాల నుంచి ఎత్తుకొచ్చారు.

అదే రోజు ఇంకో మెమో. ఇది సీఐఏ చేతిలో ఉన్న అబూ జుబేదా అనే ఒక్క ఖైదీ కోసం. గోడకేసి కొట్టడం, నిద్ర పోనివ్వకపోవడం, ముఖం మీద గుడ్డ వేసి నీళ్లు పోయడం... పది పద్ధతులకు అనుమతి. అతనికి పురుగులంటే భయమట, అందుకని ఇరుకు పెట్టెలో పడేసి పురుగును వదలొచ్చని కూడా రాశారు. పురుగును వాడలేదు గానీ, ఆ నెలలో నీళ్లు మాత్రం 83 సార్లు పోశారు.

టెన్షన్ సంగతా? చిత్రహింసకు యుద్ధం కూడా సాకు కాదనే ఐరాస ఒప్పందాన్ని అమెరికా 1994లోనే ఆమోదించింది. 1983లో టెక్సస్‌లో ఒక షెరీఫ్, అతని డిప్యూటీలు నిందితుల ముఖాన గుడ్డ వేసి నీళ్లు పోసి నేరం ఒప్పించారని కేసు పెట్టి శిక్ష వేయించింది ఇదే న్యాయశాఖ. ఆ తొందరలోనూ ఆరోగ్య చట్టం దొరికింది గానీ, సొంత శాఖ గెలిచిన కేసు దొరకలేదు!

విచారణలో ఏం తేలింది? యూ కావాలనే వృత్తి ధర్మం తప్పారని 2009లో శాఖ అంతర్గత విచారణ చెప్పింది. ఆయన ఈమెయిళ్లు చాలావరకు డిలీట్ అయిపోయాయనీ రాసింది. 2010 జనవరిలో డేవిడ్ మార్గోలిస్ అనే సీనియర్ అధికారి దాన్ని పక్కనపెట్టి, విచక్షణ లోపం అని సరిపెట్టారు. దాన్ని క్లీన్ చిట్ అంటే ఎలా? అప్పటికే బైబీ ఫెడరల్ అప్పీల్ కోర్టు జడ్జి, యూ బర్కిలీలో ప్రొఫెసర్.

లాయర్లు నోరు విప్పరన్నది మరీ విడ్డూరం. గ్వాంటనామో సైనిక జైలులో ఖైదీలను ప్రశ్నించే పద్ధతులు తప్పని నేవీ లాయర్ అల్బర్టో మోరా పెంటగాన్‌లోనే పోట్లాడారు. 2004లో ఆఫీస్ ఆఫ్ లీగల్ కౌన్సెల్ అధిపతిగా ఉన్న జాక్ గోల్డ్‌స్మిత్ ఆ మొదటి మెమోను వెనక్కి తీసుకున్నారు.

ఇక, కొట్టినవాణ్ని అడగండి అన్న మాట. దానికి జవాబు 2009 ఏప్రిల్‌లోనే వచ్చింది. న్యాయశాఖ ముందే అనుమతించిన పనికి వాళ్లను ప్రాసిక్యూట్ చేయడం అన్యాయమని అటార్నీ జనరల్ ఎరిక్ హోల్డర్ ప్రకటించారు.