నారు పోసినవాళ్ళే నీరు పోసి చంపుతున్నారు

ఫిబ్రవరి వస్తే చాలు, అమెరికాలో సగం తెలుగు ఇళ్ళ బేస్‌మెంట్లు నారుమడులైపోతాయి. పైన ఎల్ఈడీ లైటు, కింద హీట్ మ్యాటు, పక్కన స్ప్రే సీసా. ట్రేలో గుంటూరు మిరప, వంగ, టమాటా, గోంగూర. మూడు వారాలు తిరక్కుండానే ఆన్‌లైన్ గ్రూపుల్లో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఆకులు పసుపు పడుతున్నాయండీ, ఏం వెయ్యాలి?" దాని కింద సలహాల వరద. ఎప్సమ్ సాల్ట్ వెయ్యండి, పుల్ల మజ్జిగ పొయ్యండి, అరటి తొక్కల నీళ్ళు, ఉల్లి తొక్కల నీళ్ళు, బియ్యం కడుగు. ఏం మానెయ్యాలి అని అడిగినవాళ్ళు మాత్రం కనపడరు. నేననేది ఒకటే. ఇంట్లో లైట్ల కింద పెంచే నారు చాలావరకు ఏదో తక్కువై చావదు, ఎక్కువై చస్తుంది. నీళ్ళు ఎక్కువ, వేడి ఎక్కువ, ఎరువు ఎక్కువ, ప్రేమ మరీ ఎక్కువ. తక్కువ పడేది ఒక్క వెలుతురే, దాన్నేమో ఎవరూ అనుమానించరు.

అందుకే ముందు లైటు సంగతి. పెట్టె మీద 1000 వాట్లు అని రాసి ఉన్న చవక లైట్లు చాలావరకు ప్లగ్గు నుంచి లాగేది 100 వాట్ల చుట్టుపక్కలే. పెట్టె మీద అంకె వదిలేసి, గోడ నుంచి అసలు ఎంత కరెంటు తీసుకుంటుందో చూడండి. "కళ్ళు జిగేల్మంటున్నాయి, ఇంకెంత కావాలి" అంటారు. మన కన్నును నమ్మకండి. కంటికి తెలిసే వెలుతురును లక్సుల్లో కొలుస్తారు. బాగా వెలుతురున్న ఆఫీసు గది 500 లక్సులు, మిట్టమధ్యాహ్నం ఎండ లక్ష లక్సులు. కన్ను రెండింటికీ సర్దుకుంటుంది, మొక్క సర్దుకోలేదు. నారుకు ఆకు మట్టంలో 200 మైక్రోమోల్స్ (మొక్క వాడుకునే వెలుతురు కొలత) దాకా, రోజుకు 16 గంటలు అందాలి. తెల్ల ఎల్ఈడీ కింద అది 13, 14 వేల లక్సులకు దగ్గర. ఫోన్లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని, కెమెరా మీద తెల్ల కాయితం ముక్క పెట్టి, ఆకు ఉన్న ఎత్తులో కొలవండి. కచ్చితంగా రాదు గానీ 3 వేలా 13 వేలా అన్నది తేలిపోతుంది. ఊదా రంగు లైట్లకు మాత్రం ఈ లెక్క పనికిరాదు.

నాలుగడుగుల షాప్ లైటు, 40 వాట్లది అయితే ఆకుల పైన 4 నుంచి 6 అంగుళాల్లో ఉండాలి. మూడడుగుల ఎత్తున వేలాడదీసి ఊరుకుంటే నారు వెలుతురు కోసం సన్నగా పొడుగ్గా సాగకేం చేస్తుంది? 100 వాట్ల బోర్డు రకం అయితే 18 నుంచి 24 అంగుళాలు, డిమ్మర్ సగానికి తగ్గించి మొదలుపెట్టండి. ఇక 24 గంటలూ లైటు వెలిగించే మహానుభావులున్నారు. టమాటాకి, వంగకి రాత్రి లేకపోతే ఆకులు మచ్చలు మచ్చలుగా పసుపెక్కుతాయి. అది ఎరువు లోపం కానే కాదు. టైమర్ పెట్టండి, 16 గంటలు వెలుగు, 8 గంటలు చీకటి.

సాగిపోయిన టమాటా నారును బతికించవచ్చు. మొదటి జత ఆకుల దాకా కాండం మట్టిలోకి పోయేలా లోతుగా నాటితే ఆ కాండమంతా వేళ్ళు వేస్తుంది. మిరప, వంగ అర అంగుళం లోతు పెట్టినా ఫర్వాలేదు గానీ టమాటాలా వేళ్ళు తన్నవు. సాగిపోయిన బీర, సొర, కాకరలతో కుస్తీ వద్దు. మళ్ళీ విత్తుకోండి, నాలుగు వారాల్లో నాటుకు వచ్చేస్తాయి.

వెలుతురు ఎక్కువైతే ఎలా తెలుస్తుంది? లైటుకు దగ్గరున్న పై ఆకులు వెలిసిపోయి, అంచులు పైకి ముడుచుకుంటాయి. కింది ఆకులు మాత్రం పచ్చగానే ఉంటాయి. నత్రజని లోపం దీనికి పూర్తిగా తలకిందులు, కిందినుంచి మొదలవుతుంది. కాబట్టి పసుపు కనపడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న పైనుంచా, కిందినుంచా అని. మొలకతో మొదట వచ్చి అన్నిటికంటే అడుగున ఉండే ఆ నున్నటి బీజదళాలు, నిజం ఆకులు నాలుగైదు వచ్చాక పసుపెక్కి రాలడం మామూలే, దానికి కంగారు పడకండి. ఇంకోటి, రంగు చూసేటప్పుడు మొక్కను లైటు కిందనుంచి తీసి కిటికీ దగ్గర పగటి వెలుతురులో చూడండి. ఊదా లైటు కింద తీసిన ఫొటో చూసి పసుపో పచ్చో చెప్పగలిగేవాడు ఇంకా పుట్టలేదు.

ఇప్పుడు అసలు హంతకుడి దగ్గరికి వద్దాం. వాడిన మొక్క కనపడితే నీళ్ళు పొయ్యడం మనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. నీళ్ళు ఎక్కువైన నారు కూడా అచ్చం అలాగే వాలిపోతుందని చాలామందికి తెలియదు. వేళ్ళకు నీరెంత కావాలో గాలీ అంతే కావాలి. నారు పోసిన కప్పులో మట్టి మిశ్రమం ఎప్పుడూ తడిగా ఉంటే ఆ గాలి అందదు, వేరు పనిచెయ్యదు, మొక్క నీళ్ళ మధ్య కూర్చుని దాహంతో వాలిపోతుంది. తేడా పట్టుకోవడం కష్టం కాదు. నీళ్ళెక్కువైన ఆకు మందంగా, ఉబ్బినట్టు ఉండి తొడిమ దగ్గర కిందికి వంగుతుంది. దాహంతో ఉన్న ఆకు పల్చబడి, మెత్తగా వేలాడుతుంది, మిశ్రమం కప్పు గోడ నుంచి విడిపోయి సందు కనపడుతుంది. ఇవేవీ తెలియకపోయినా కప్పు ఎత్తి చూడండి. నిండా తడిసినప్పుడు ఒక బరువు, ఎండినప్పుడు ఒక బరువు. రెండు రోజులు ఎత్తి దించితే చేతికే తెలిసిపోతుంది. బరువుగా ఉన్న కప్పులో నీళ్ళు పొయ్యకండి, ఆకు ఎంత వాలినా సరే.

పోసేశారా? ట్రేలో నీళ్ళు పారబోసి, కప్పుల్ని మడత పెట్టిన పాత తువ్వాలు మీద పెట్టండి. అడుగు చిల్లుల్లోంచి తడిని అది లాగేస్తుంది. చిన్న ఫ్యాను తక్కువలో పెట్టి, లైటు మామూలుగానే ఉంచి, రెండు నుంచి నాలుగు రోజులు ముట్టుకోకండి. ఇకమీదట పైనుంచి పొయ్యడం మాని, ట్రేలో అర అంగుళం నీళ్ళు పోసి 20, 30 నిమిషాలు ఉంచి, మిగిలింది పారబోయండి. పార్టీ కప్పుల్లో నారు పోసేవాళ్ళు అడుగున పెన్సిల్ పట్టేంత చిల్లులు నాలుగు పెట్టండి, సూది బెజ్జాలు చాలవు. స్ప్రే సీసా మొలకెత్తే దాకానే. ఆ తర్వాత అది పైపొరను తడిపి వేళ్ళను ఎండబెడుతుంది, బూజుకు తడి, మొక్కకు దాహం. వేలెడంత మొక్కను గ్యాలన్ కుండీలో పెట్టడం కూడా ఇదే కోవ తప్పు. అంత మట్టిలో నీళ్ళు తాగడానికి అక్కడ వేళ్ళేవి? పెరటి మట్టి తెచ్చి ట్రేలో నింపడం అంతకన్నా ఘోరం, నాలుగు తడుపులకు గట్టిపడిపోయి గాలి ఆడదు. పీట్ (కుళ్ళిన నాచు పొట్టు) గానీ కొబ్బరి పొట్టు గానీ, అందులో పర్లైటు (తేలికైన తెల్ల గుళికలు) కలిపిన విత్తనాల మిశ్రమం వాడండి.

మిరప ఆకు తిప్పి చూస్తే అడుగున రవ్వ పలుకుల్లా మెరిసే బుడిపెలు కనపడతాయి ఒక్కోసారి. పురుగు గుడ్లనుకుని వెంటనే వేపనూనె కొట్టేస్తారు. వేలితో రుద్దండి. రాలిపోకుండా ఆకులో భాగంగానే గరుగ్గా తగిలితే అది పురుగు కాదు. వేళ్ళు తాగిన నీళ్ళు ఆకుల్లోంచి ఆవిరయ్యే దారి లేక కణాలు ఉబ్బి పగిలిన గుర్తు. నీళ్ళు తగ్గించి గాలి తగలనిస్తే కొత్త ఆకులు శుభ్రంగా వస్తాయి, పాత బుడిపెలు పోవు. ఇక లైటు వెలుగుతుండగా వేపనూనె కొట్టారంటే లేని పురుగు చావదు గానీ ఉన్న ఆకు మాడుతుంది. నిజంగా కొట్టాల్సి వస్తే లైటు ఆర్పాక కొట్టండి.

మట్టి మట్టంలో కాండం నొక్కినట్టు సన్నబడి, నల్లబడి, రాత్రికి రాత్రి పడిపోతే అది నారుకుళ్ళు. రైజోక్టోనియా లాంటి శిలీంధ్రాలూ, శిలీంధ్రాలను పోలిన పితియమూ చేసే పని. పడిన మొక్కకు మందు లేదు. దాల్చినచెక్క పొడి చల్లితే లేస్తుందని ఆశపడకండి. పడినదాన్ని మట్టితో సహా తీసెయ్యండి, ట్రే మీద మూత ఉంటే తీసెయ్యండి, పైపొర ఆరనివ్వండి. ట్రేలు మళ్ళీ వాడేముందు 1 వంతు బ్లీచ్ 9 వంతుల నీళ్ళలో 10 నిమిషాలు నానబెట్టి కడగండి. అదే తడికి నల్లటి చిన్న ఈగలు కూడా చేరతాయి, వాటి పిల్లలు లేత వేళ్ళు కొరుకుతాయి. మస్కిటో డంక్ (దోమ పిల్లల్ని చంపే బ్యాక్టీరియా బిళ్ళ) ఒకటి గ్యాలన్ నీళ్ళలో రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళే పోస్తూ ఉంటే పిల్లలు చస్తాయి. ఎగిరేవాటికి పసుపు జిగురు అట్టలు చాలు.

హీట్ మ్యాటు గురించి రెండు ముక్కలు. మిరప, వంగ మొలవడానికి మట్టి 80, 85 ఫారన్‌హీట్ ఉండాలి, నిజమే. సగం గింజలు మొలవగానే మ్యాటు తియ్యండి. మొలిచాక అడుగున వేడి, పైన చాలీచాలని వెలుతురు ఉంటే మొక్క సాగడం తప్ప చేసేదేమీ లేదు. దీనికి ఎదురు కొస కూడా ఉంది. 60 కన్నా చల్లగా ఉండే బేస్‌మెంటు సిమెంటు నేల మీద ట్రే పెడితే టమాటా ఆకు అడుగు ఊదా రంగుకు తిరుగుతుంది. భాస్వరం లోపం అని బోన్ మీల్ (ఎముకల పొడి) వేస్తారు. భాస్వరం అక్కడే ఉంది, చలికి వేరు లాగలేకపోతోంది. ట్రే కింద థర్మాకోల్ పలక పెట్టండి. వంగ కాండం, మిరప కణుపులు ఊదాగా ఉండడం మటుకు కొన్ని రకాలకు పుట్టుకే.

ఎరువు దగ్గరికి ఇప్పుడు వచ్చాను, ఎందుకంటే దాని వంతు ఆఖరే. నిజం ఆకులు రెండు జతలు వచ్చేదాకా ఏమీ అక్కర్లేదు. ఆ తర్వాత నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 20-20-20 లాంటి పొడి ఎరువు, గ్యాలన్‌కు చెంచా అని రాసి ఉంటే పావు చెంచా వెయ్యండి. 5 గ్రాముల చెంచా పూర్తిగా వేస్తే నత్రజని 260 పీపీఎం (పది లక్షల్లో 260 వంతులు) దాటుతుంది, లేత వేళ్ళకు అది మరీ ఘాటు. పావుకి 65 దగ్గర పడుతుంది, వారానికి ఒకసారి సరిపోతుంది. ఆకు కొసలు, అంచులు గోధుమ రంగుకు మాడితే ఎరువు ఆపి, అడుగునుంచి కారేదాకా ఉత్త నీళ్ళు ఒకసారి ధారాళంగా పోసి ఆరనివ్వండి. ఎప్సమ్ సాల్ట్ అంటే మెగ్నీషియం సల్ఫేట్. మెగ్నీషియం అతిగా వేస్తే కాల్షియం అందకుండా చేస్తుంది. మజ్జిగకీ బియ్యం కడుగుకీ పొలంలో ఎంత పేరున్నా, రెండంగుళాల గడిలో ఉన్న పీటులో అవి బూజుకూ ఆ నల్ల ఈగలకూ విందు.

ఇంట్లో ఉప్పు వేసే వాటర్ సాఫ్టెనర్ ఉందా? ఆ నీళ్ళలో సోడియం ఉంటుంది, నారుకు వాడకండి. చాలా ఇళ్ళలో బయటి కుళాయి దానికి కలపరు, అక్కడినుంచి పట్టుకుని గది వేడికి వచ్చాక పోయండి.

మిరప ముడత గురించి మన రైతులకు తెలిసినంత ఎవరికీ తెలియదు. పై ముడత తామర పురుగు, కింది ముడత నల్లి, ఇది గుంటూరు జిల్లాలో పిల్లలకూ తెలుసు. ఆ తెలివి ఇక్కడికి తెచ్చుకోండి గానీ ఒక్క సవరణతో. చలికాలం హీటరు నడిచే ఇంట్లో తేమ 25 శాతానికి పడిపోతుంది, ఆ పొడిగాలికీ, లైటు మరీ దగ్గరగా ఉన్నందుకూ కూడా ఆకు పైకి దొన్నెలా తిరుగుతుంది. భూతద్దంతో ఆకు అడుగు చూసి, పురుగు కనపడితేనే మందు మాట ఎత్తండి. ఆ పొడిగాలికే గింజ తొక్క తల మీద టోపీలా ఇరుక్కుంటుంది. నీటిచుక్క పెట్టి పది నిమిషాలు ఆగి ట్వీజర్‌తో మెల్లగా తియ్యండి, ఎండుగా ఉండగా లాగితే తల ఊడి వస్తుంది.

వీటిలో సగం బాధలు సంక్రాంతికే విత్తనాలు పోసేయడం వల్ల వస్తాయి. న్యూజెర్సీలో వంగ నేలలోకి వెళ్ళేది మే మధ్యలో. మిరప, వంగకు 8 నుంచి 10 వారాలు, టమాటాకు 6 నుంచి 8, గోంగూరకు 4 నుంచి 6, బీర సొరలకు 3, 4. వెనక్కి లెక్కపెట్టుకోండి. జనవరిలో పోసిన టమాటా మే నాటికి కప్పులో వేళ్ళు చుట్టుకుని, ముదిరి, నాటాక నెల రోజులు కదలదు. మార్చి చివర్లో పోసింది దాన్ని దాటిపోతుంది.

ఏ మార్పు చేసినా ఒక్కటే చేసి నాలుగు రోజులు ఆగండి. పాత ఆకు బాగుపడదు, కొత్తగా విచ్చుకునే చిగురును చూసి నిర్ణయించుకోండి. లైటు దించి, నీళ్ళు ఆపి, ఎరువు వేసి, మందు కొట్టి అన్నీ ఒకే సాయంత్రం చేస్తే ఏది పనిచేసిందో మీకు తెలియదు, నాకూ తెలియదు.

బయటికి తీసేటప్పుడు తొందర వద్దు. 200 మైక్రోమోల్స్‌లో పెరిగిన ఆకుకు బయటి ఎండ 2000, పైగా మీ ఎల్ఈడీలో అతినీలలోహిత కిరణాలు దాదాపు ఉండవు. మొదటి రోజు నీడలో గంట, రోజూ గంటో రెండు గంటలో పెంచుతూ 7 నుంచి 10 రోజులు. రాత్రి 55 ఫారన్‌హీట్ కన్నా కిందికి దిగేలా ఉంటే మిరప, వంగ లోపలికే. ఈలోగా ఏ మధ్యాహ్నమో మర్చిపోయి ఆకులు తెల్లబడితే వాటిని గిల్లకండి. కొత్త ఆకులు బయటి వెలుతురులోనే విచ్చుకుని తట్టుకుంటాయి, అప్పటిదాకా ఆ తెల్లబడిన ఆకుల్లో మిగిలిన పచ్చదనమే మొక్కను నడపాలి.