12-18 ఫ్రేమ్ సరిపోదు

డావిన్సీ గీసిన ‘ప్రభువు రాత్రి భోజనం’ ప్రింటుకి 12-18 అంగుళాల ఫ్రేమ్ చాలని ఒక వ్యాసంలో రాశారు. సరిపోదండీ. మిలాన్‌లో గోడమీదున్న అసలు చిత్రం 460 సెం.మీ. ఎత్తు, 880 వెడల్పు. 12-18లో నిండుగా పట్టిస్తే రెండు చివర్లూ తెగి ఎడమన బర్తొలొమయి, కుడిన సీమోను పోతారు. శిష్యులు తగ్గిన ఆ బల్లని చూడలేం. 24 అంగుళాల వెడల్పుకి పన్నెండున్నర ఎత్తుతో ప్రింటు అడగండి.

చుట్టూ 2 అంగుళాల మౌంట్ బోర్డు (ప్రింటుకీ అద్దానికీ మధ్య ఎడం ఉంచే మందపాటి అట్ట అంచు) తప్పనిసరి. ప్రింటు అద్దానికి ఆనితే తేమకి అంటుకుపోతుంది, తర్వాత తీస్తే రంగు లేచొస్తుంది. వెనక అట్టకి మొత్తం జిగురు పూయనివ్వకండి, పై అంచున రెండు చోట్ల టేపు చాలు. కాగితం మన కడప ఎండకి ముడుచుకుంటుంది, వానలకి సాగుతుంది. కదిలే చోటు లేకపోతే అలలు తేలుతుంది. నేరుగా ఎండ పడే గోడకైతే అసలే వద్దు.