ఇరవై ఏళ్లు నిండిన విమానాన్ని ఎగరనివ్వవచ్చునా?

(ఇరవై ఏళ్లు నిండిన విమానాలను ప్రయాణికుల సేవ నుంచి తప్పించాలన్నది న్యాయవాది ప్రతిపాదన. దానిని వ్యతిరేకిస్తున్నవారు విమానాల మరమ్మతులో జీవితకాలం గడిపి పదవీ విరమణ చేసిన ఇంజనీరు.)

న్యాయవాది: ఇంజనీరు గారూ, ప్రయాణికుల సేవ కోసం దిగుమతి చేసుకొనే విమానాలకు మన దేశమే వయసు పరిమితి పెట్టింది. వయసుకూ ప్రమాదానికీ సంబంధం లేకపోతే ఆ పరిమితి అవసరమే ఉండేది కాదు. 1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో హిలో నుంచి హోనలూలూ వెళుతున్న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737కు ఏం జరిగిందో మీకు తెలుసు. 24 వేల అడుగుల ఎత్తున ముందుభాగపు పైకప్పు సుమారు 18 అడుగుల మేర ఊడి ఎగిరిపోయింది. నడవలో నిలబడి ఉన్న సీనియర్ ఎయిర్‌హోస్టెస్ గాలిలోకి కొట్టుకుపోయింది, ఆమె దేహం కూడా దొరకలేదు. ముసలి విమానాన్ని ఎగరనిచ్చినందుకు ఆమె ప్రాణం పోయింది.

ఇంజనీరు: లాయరు గారూ, ఆనాటికి ఆ విమానం వయసు 19 సంవత్సరాలు. మీ నియమం అప్పుడు అమలులో ఉన్నా ఆ రోజు అది ఎగిరేదే. దాన్ని అరగదీసింది ఏళ్లు కావు. పైకి వెళ్లిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి విమానం తొడుగు ఉబ్బుతుంది, దిగినప్పుడు సడలుతుంది. ఈ ఒక్క ఆవృత్తినే మేము సైకిల్ అంటాము. తీగను అటూ ఇటూ వంచగా వంచగా తెగినట్టే, సైకిళ్లు పెరిగేకొద్దీ తొడుగు పలకలను బిగించే రివెట్ల రంధ్రాల అంచుల్లో పగుళ్లు పుడతాయి. అలోహా విమానం దీవుల మధ్య తిరిగేది. అది ఎగిరిన గంటలు 35,496 కాగా, సైకిళ్లు 89,680. అంటే ఒక్కో ప్రయాణం సగటున ఇరవై నాలుగు నిమిషాలు మాత్రమే. బోయింగ్ ఆ రకాన్ని రూపొందించినప్పుడు పెట్టుకొన్న లక్ష్యం 20 ఏళ్లు, 51 వేల గంటలు, 75 వేల సైకిళ్లు. ఏళ్ల లెక్కలో అది ఇంకా లోపలే ఉంది, గంటల లెక్కలో చాలా లోపల ఉంది, సైకిళ్ల లెక్కలో మాత్రం ఎప్పుడో దాటిపోయింది. పైగా తొలినాటి 737లలో తొడుగు పలకలు ఒకదానిపై ఒకటి ఎక్కే అతుకుల వద్ద వాడిన జిగురు కాలక్రమంలో విడిపోయేది. ఆ సందులోకి తేమ చేరి తుప్పు పట్టేది, జిగురు మోయవలసిన బరువు రివెట్ల మీద పడేది. ఒకే వరుసలోని ఎన్నో రంధ్రాల వద్ద, కంటికి సులభంగా ఆనని చిన్న చిన్న పగుళ్లు ఒకేసారి పెరిగి చివరికి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి. ఉప్పుగాలి లేని చోట రోజుకు రెండు సుదూర ప్రయాణాలు చేసే విమానానికి 25 ఏళ్లు నిండినా ఇంత అలసట రాదు. మీ నియమం దాన్ని ఇంటికి పంపి, దీవుల మధ్య రోజంతా ఎక్కిదిగే 18 ఏళ్ల విమానానికి దారి వదులుతుంది. దానివల్ల ప్రయాణికుడికి కలిగేది ధైర్యమే, భద్రత కాదు.

న్యాయవాది: మీ మాటే నా వాదనకు బలం. 75 వేలు దాటాక మరో పద్నాలుగు వేల సార్లకు పైగా అది జనాన్ని ఎక్కించుకొని లేచింది. ఏ అధికారి ఆపాడు?

ఇంజనీరు: ఎవరూ ఆపలేదు. అది తయారీదారు పెట్టుకొన్న లక్ష్యం మాత్రమే, చట్టం విధించిన హద్దు కాదు. పగులు పుడితే తనిఖీలో కనబడుతుందని, కనబడకపోయినా తొడుగు కొద్దిమేర చీలి ఆగిపోతుందని అందరూ నమ్మారు. ఆ నమ్మకం తప్పు. అతుకులన్నిటినీ పరీక్షించమని బోయింగ్ సూచిస్తే, 1987లో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్ఏఏ జారీచేసిన ఆదేశం కొన్ని అతుకులకే పరిమితమైంది. తెగినది ఆ ఆదేశంలో లేని అతుకు. ఈ అనుభవం తరువాత 1991లో అమెరికా కాంగ్రెస్ ముసలి విమానాల కోసం ప్రత్యేక చట్టం చేసింది. 2010లో ఎఫ్ఏఏ ప్రతి పెద్ద విమాన రకానికీ ఒక అంతిమ పరిమితి ఉండాలని నియమం తెచ్చింది. ఆ పరిమితి సైకిళ్లలోనో గంటల్లోనో ఉంటుంది, దాన్ని దాటి ఎగరడానికి వీల్లేదు.

న్యాయవాది: 1988లో ప్రాణం పోతే 2010లో హద్దు వచ్చింది. ఈ ఇరవై రెండేళ్లలో విమానం ఎక్కినవారిలో ఎవరికైనా తమ తల మీది రివెట్లు ఎన్ని సైకిళ్లు చూశాయో తెలుసా?

ఇంజనీరు: తెలియదు. కానీ కళ్లెదుట ఉన్నదాన్ని చెప్పడం కూడా ముఖ్యమే. ఆ రోజు హిలోలో విమానం ఎక్కుతూ ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర తొడుగు మీద పొడవాటి పగులు చూసింది. సిబ్బందికి ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే...

న్యాయవాది: ఆ మాట మాత్రం నేను ఒప్పుకోను! ఇన్‌స్పెక్టర్లు, కంపెనీ, ప్రభుత్వం చూడలేకపోయినదాన్ని టికెట్ కొనుక్కొన్న మనిషి చూసి చెప్పలేదని తప్పుపడతారా? విమానం గురించి ఏమీ తెలియని మనిషి, ఇంతమంది నిపుణులు పంపిస్తున్నారు కాబట్టి పరవాలేదని అనుకోవడం తప్పెలా అవుతుంది?

ఇంజనీరు: నేను ఆమెను తప్పుపట్టలేదు.

న్యాయవాది: పట్టారు. "చెప్పి ఉంటే" అన్న మాటలోనే ఉంది.

ఇంజనీరు: ఆ మాట వెనక్కి తీసుకొంటున్నాను. బాధ్యత మాదే.

న్యాయవాది: అయితే ఆ బాధ్యత గురించే అడుగుతాను. 2002 మే 25న తైవాన్ జలసంధి మీద చైనా ఎయిర్‌లైన్స్ 747 గాలిలోనే ముక్కలై 225 మంది చనిపోయారు. దాని వయసు 22 దాటింది. సైకిళ్లు సుమారు 21 వేలే. మీ కొలమానంతో చూస్తే అది ఇంకా పడుచు విమానం. నా కొలమానంతో చూస్తే రెండేళ్ల ముందే నేల మీద ఉండేది, ఆ 225 మంది బతికేవారు. దీనికి మీ జవాబు ఏమిటి?

ఇంజనీరు: నిజమే, ఆ ఒక్క ప్రమాదాన్ని మీ నియమం ఆపేది, దాన్ని నేను కాదనలేను. అయితే ఆ విమానం ఎందుకు విరిగిందో కూడా చూడండి. 1980లో హాంకాంగ్‌లో దిగుతున్నప్పుడు తోక రన్‌వేకు రాసుకొంది. గీతలు పడిన పాత తొడుగును కోసి తీసేయకుండా, దానిమీదే కొత్త పలక వేసి రివెట్లు కొట్టారు. పలక కింద దాగిన గీతల నుంచి పగుళ్లు ఇరవై రెండేళ్లపాటు పెరిగాయి. 2001లో తీసిన ఫోటోల్లో ఆ పలక చుట్టూ గోధుమరంగు మరకలు ఉన్నాయి. లోపలి గాలి బయటికి కారుతోందనడానికి అవి గుర్తులు, కానీ ఆ మరకల అర్థం ఎవరూ చదవలేదు. పాత మరమ్మతులను మళ్లీ విప్పి చూసే కార్యక్రమం అప్పటికే మొదలైంది, ఈ విమానం వంతు మాత్రం రాలేదు. ఇప్పుడు 1985 ఆగస్టు 12 నాటి జపాన్ ఎయిర్‌లైన్స్ 747ను పక్కన పెట్టి చూడండి. 520 మంది చనిపోయారు. విమానం వయసు పదకొండేళ్లు. అక్కడా అంతకు ఏడేళ్ల ముందు తోక నేలకు తగిలింది. తయారీదారు పంపిన బృందమే, లోపలి గాలి ఒత్తిడిని ఆపే వెనుక గోడను బాగుచేసింది. ఒకే పలకతో కలపవలసిన చోట రెండు ముక్కలు వాడడంతో, బరువంతా ఒక్క వరుస రివెట్ల మీద పడింది. మీ ఇరవై ఏళ్ల హద్దు ఈ 520 మందికి ఏమీ చేయదు. ఈ రెండు విమానాలనూ కూల్చింది మరమ్మతే. ఇక 2018లో లయన్ ఎయిర్, 2019లో ఇథియోపియన్ 737 మ్యాక్స్‌లు కొన్న కొద్ది నెలల్లోనే 346 మందిని పొట్టనబెట్టుకొన్నాయి.

న్యాయవాది: కొత్తవి కూలాయని పాతవాటికి నిర్దోషిత్వం రాదు. పాత విమానం చేతులు మారుతుంది. ఆ చైనా ఎయిర్‌లైన్స్ 747ను కూడా మరో సంస్థకు అమ్మడానికి ఒప్పందం కుదిరింది. మొదటి యజమాని చేసిన తప్పు మరమ్మతు కాగితాల్లో "సరిచేయబడింది" అన్న ఒక్క మాటగా మిగిలితే, మూడో యజమాని ఇంజనీరు దాన్ని ఎలా పట్టుకొంటాడు? మీ పద్ధతి అంతా రికార్డులు నిజం చెబుతాయన్న నమ్మకం మీద నిలబడి ఉంది. వయసు అయితే ఎవరూ దిద్దలేరు.

ఇంజనీరు: ఈ మాటలో చాలా బలం ఉంది. అయితే దానికి మందు రికార్డును కఠినం చేయడమే. ఒత్తిడి పడే తొడుగు మీద జరిగిన ప్రతి పెద్ద మరమ్మతుకూ ఏ మాన్యువల్ ప్రకారం చేశారో, ఎంత మేర కోశారో, ఎన్ని రివెట్లు వేశారో చూపే పత్రం విమానంతోపాటు కొనేవారికి చేరాలి. పత్రం లేని పలక ఉంటే, అమ్మకం పూర్తయ్యేలోపు ఆ పలక ఊడదీసి కింద ఏముందో చూడాలి. ఖర్చు ఎక్కువే, పలక విప్పాలంటే విమానం రోజుల తరబడి హ్యాంగర్‌లో ఆగిపోతుంది. శంషాబాద్‌లో అయినా సింగపూర్‌లో అయినా ఆ పని చేసే మనుషులు ఉన్నారు. ఇంత చేశాక 24 ఏళ్ల విమానంలో నా కుటుంబాన్ని ఎక్కిస్తాను. ఇవేవీ చేయని సంస్థ ఎనిమిదేళ్ల విమానంలో ఎక్కించను.

న్యాయవాది: అలాగైతే పలక ఊడదీయడాన్ని సలహాగా వదిలేయకుండా చట్టంలో పెట్టించండి, నేను మీతో సంతకం చేస్తాను. అది అమలయ్యేదాకా నా ఇరవై ఏళ్ల హద్దును వెనక్కి తీసుకోను.

ఇంజనీరు: అమలైన రోజున తీసుకొంటారా?

న్యాయవాది: మొదటి విమానానికి పలక ఊడదీసిన పత్రం చూపించండి, అప్పుడు మాట్లాడదాం.