క్లిప్‌లెస్ పెడల్ గారికి ఒక అర్జీ

క్లిప్‌లెస్ పెడల్ గారికి నమస్కారాలు.

సైకిల్ తొక్కేవాడి బూటుని తాళమేసినట్టు పట్టేసుకునే తమరు పెద్దింటివారని తెలుసు. మంచు మీద జారేవాళ్ల స్కీ బూట్ల బిగింపుతో పేరు తెచ్చుకున్న లుక్ కంపెనీ ఇంట పుట్టి, 1984లో సైకిలెక్కి, మరుసటేడే రేసర్ బెర్నార్ ఇనో కాళ్ల కింద టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ రేసు గెలిచేశారు. సంతోషం. కానీ ఆయనకి దారిలో ఉన్నట్టుండి యూటర్న్ కొట్టే ఆటోలు తగల్లేదు కదండీ!

హైదరాబాద్‌లో తమర్ని కొందామని షాపుకెళ్తే, పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టు ముందు "టూ బోల్టా, త్రీ బోల్టా?" అంటారు. అంటే తమరిలో ఇరుక్కునేలా బూటు అడుగున బిగించే బిళ్లకి, అదే క్లీట్‌కి, ఎన్ని బోల్టులని. అది తేలాక రంగుల గొడవ. షిమానో కంపెనీ త్రీ బోల్ట్‌లో ఎర్ర క్లీట్ పెడితే కాలు అటూ ఇటూ కదలదు, సున్నా డిగ్రీలు. నీలం 2, పసుపు 6. అదే లుక్ వాళ్ల కియో రకంలో నలుపు సున్నా, బూడిదరంగు 4.5, ఎరుపు ఏకంగా 9. అంటే ఒకరింట్లో జైలు, పక్కింట్లో బెయిలు, రంగు మాత్రం ఒకటే! పైగా ఒకరి క్లీట్ ఇంకొకరి పెడల్‌కి పట్టదు. "ఎర్రదే తీస్కో అన్నా, రేసర్లంతా అదే" అని సలహా ఇచ్చేవాడు ఏ కంపెనీ ఎరుపో చెప్పడు, మోకాలు నొప్పి పుట్టాక అడిగితే ఫోనెత్తడు.

ఇక తమరి నుంచి బయటపడే పద్ధతి. మడమ బయటికి తిప్పాలట. కంగారులో ఎవడైనా కాలు పైకి లాగుతాడు గానీ పక్కకి తిప్పుతాడా? మా గ్రూపులో ఒకాయన సిగ్నల్ దగ్గర చక్కగా బ్రేకేసి, పూర్తిగా ఆగి, అప్పుడు తీరిగ్గా పక్కకి ఒరిగిపోయాడు. పక్కనున్న ఆటో అన్న పాపం నిజంగానే అడిగాడు, "ఆగినంక పడ్డరేంది సార్?" దీనికి జవాబు తమరే చెప్పాలి.

ఆదివారం గండిపేట వైపు తొక్కి టిఫిన్‌కి ఆగినప్పుడు చూడాలి తమరి వైభవం. చేతులు కడుక్కునే చోట తడి గ్రానైట్ మీద త్రీ బోల్ట్ బాబులు ఒక చేత్తో గోడ, ఇంకో చేత్తో ప్లేటు పట్టుకుని టక్కు టక్కుమంటూ మడమల మీద నడుస్తుంటారు. ఆ ప్లాస్టిక్ క్లీట్లు తొక్కి అరగ్గొట్టేదాని కన్నా నడిచి అరగ్గొట్టేదే ఎక్కువ. ఈలోగా షిమానో వాళ్ల టూ బోల్ట్ రకం, ఎస్‌పీడీ, వాడే ఆయన, క్లీట్ బూటు అడుగున గుంటలో దాక్కుంది కాబట్టి, మామూలు మనిషిలా వెళ్లి రెండో ప్లేటు ఇడ్లీ తెచ్చుకుంటాడు. 1990 నుంచీ ఉన్న సరుకే అది, పెడల్‌కి రెండు వైపులా పట్టేవీ దొరుకుతాయి. అయినా రోడ్ బైక్‌కి అది పెడితే కొందరికి నామోషీ.

కాబట్టి మా విన్నపం ఇదీ. అమ్ముడుపోయే ముందు తొక్కేవాణ్ణి "దారిలో సిగ్నళ్లెన్ని, టిఫిన్లెన్ని?" అని అడగండి. కొత్తవాడైతే తమరి పట్టు బిగించే టెన్షన్ స్క్రూ బాగా వదులు చేసుకుని మరీ వెళ్లండి. షాపువాళ్లు దాన్ని ముట్టుకోరు, మా టెన్షనే పెంచుతారు.

ఇట్లు,
తమరి విధేయుడు

తా.క. తమరి ఎడమ పెడల్ ఉల్టా తిప్పితేనే బిగుస్తుందని మా మెకానిక్‌కి ఎవరూ చెప్పినట్టు లేదు. పానా మీద నిలబడి మరీ తిప్పుతున్నాడు, త్వరగా రండి.