పని చూసేవాళ్లకిచ్చే ఫీజు దండగేనా?

పోయిన నెల సర్వసభ్య సమావేశంలో మన సంఘం హాలు మరమ్మతుల అంశం వచ్చినప్పుడు లేచి ఒక్క మాట అడిగాను. కాంట్రాక్టర్‌తో ఏ సంబంధమూ లేని నిపుణుణ్ని ఒకరిని పని చూడడానికి పెట్టుకుందామా అని. వెనక వరసలోంచి, "మనలో ఇంతమంది ఇంజనీర్లుండగా బయటివాళ్లకి డబ్బెందుకండీ, దండగ" అన్నారొకరు. అందరూ నవ్వారు. అధ్యక్షులవారు తర్వాతి అంశానికి వెళ్లిపోయారు. ఆ నవ్వు మనసులోంచి ఇంకా పోలేదు. నాలుగేళ్ల కిందట మా ఇంట్లో అదే మాట అన్నది నేనే.

మేడమీది బాత్రూమ్ మొత్తం మార్పించాలనుకున్నాం. పని చూడడానికి ఒక బిల్డింగ్ సర్వేయర్‌ని పెట్టుకుందామని మా ఆవిడ అంది. ఆయన ఫీజు ఎంతో విని, ఆ డబ్బుతో మంచి కుళాయిలు వస్తాయన్నాను. కాంట్రాక్టర్ మన భాషవాడు, తెలిసినవాళ్లు చెప్పిన మనిషి. టైల్స్ వేసేముందు నేలమీద నీళ్లు నిలబెట్టి, కిందికి కారుతున్నాయేమో చూస్తారా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. అడిగితే తన మీద నమ్మకం లేదనుకుంటాడేమోనని ఊరుకున్నాను. మొహమాటం.

ఎనిమిది నెలలు గడిచాక కింది గది సీలింగ్ మీద అరచేయంత మరక కనిపించింది. అది అమ్మ పడుకునే గది. రెండు రోజుల ముందే చూసిందట. అంత ఖర్చుపెట్టి చేయించుకున్నారు, చెబితే బాధపడతారని చెప్పలేదట. టైల్స్ పీకి చూస్తే, నేలా గోడా కలిసే మూలల్లో వాటర్‌ప్రూఫింగ్ పూతే లేదు. నేల వాలు నీళ్లు పోయే జాలీ వైపు కాకుండా గుమ్మం వైపు ఉంది. కాంట్రాక్టర్‌ని పిలిస్తే వచ్చాడు. "అప్పుడు మీరూ చూశారు కదా సార్" అన్నాడు. నిజమే, రోజూ సాయంత్రం వెళ్లి చూశాను. ఏం చూడాలో తెలియకుండా చూశాను. అంతా పీకి మళ్లీ చేయించడానికి, నేను వద్దన్న ఆ ఫీజుకి ఏడింతలైంది.

నేను కూడా ఇంజనీర్నే, ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఏ గోడ స్లాబు బరువు మోస్తోందో ఆ చదువు నాకు చెప్పదు. మనలో సివిల్ చదివినవాళ్లు ఒకరిద్దరున్నారు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ ఊరికే చూసిపెట్టమని అడిగి, స్నేహితుడు తెచ్చిన కాంట్రాక్టర్‌తో "ఇది పగలగొట్టి మళ్లీ వెయ్యి" అనమంటే వాళ్లనెంత ఇబ్బందిలో పెడతాం! డబ్బు తీసుకున్న మనిషి ఆ మాట అనగలడు. తను చూసినదానికి సంతకం పెడతాడు. వృత్తి బాధ్యత బీమా (తన పొరపాటు వల్ల మనకి నష్టమైతే పరిహారం కట్టే బీమా) ఉన్నవాడైతే, ఆ సంతకానికి జవాబుదారీ కూడా ఉంటుంది.

ఫీజు అనగానే పెద్ద మొత్తమని భయపడుతున్నాం. అది అడిగే పద్ధతిని బట్టి ఉంటుంది. పని విలువలో ఇంత శాతం అని మాట్లాడుకుంటే ఖర్చు పెరిగినకొద్దీ ఆయన ఫీజూ పెరుగుతుంది. అందుకే ఆ పద్ధతి నాకు నచ్చదు. గంటల లెక్కన అయితే ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఇన్నిసార్లు రావాలి, వచ్చిన ప్రతిసారీ ఫొటోలతో రిపోర్టు ఇవ్వాలి, ఇంత మొత్తం అని ముందే రాసుకోవడం మేలు. రోజంతా సైట్‌లో ఉండక్కర్లేదు. గోడ పగలగొట్టేముందు ఒకసారి. పైపులు, వైర్లు కప్పేసేముందు ఒకసారి, అప్పుడే పైపులకి ప్రెషర్ టెస్ట్, అంటే ఒత్తిడి పెట్టి ఎక్కడైనా కారుతోందేమో చూడడం. టైల్స్ వేసేముందు ఒకసారి, అప్పుడు కనీసం 24 గంటలు నీళ్లు నిలబెట్టి చూడాలి. చివరి బిల్లు కట్టేముందు ఒకసారి. కప్పేశాక ఎంత గొప్ప నిపుణుడైనా పగలగొట్టకుండా చెప్పగలిగేది తక్కువ. ఇంకొక్క మాట, ఆ మనిషిని కాంట్రాక్టర్ చూపిస్తే మాత్రం వద్దు.

గదికి రంగులు వేయించడానికీ, అల్మరా తలుపులు మార్చడానికీ ఇదంతా అక్కర్లేదు. నిపుణుడు వచ్చినంత మాత్రాన తప్పే జరగదనీ అనను. మంచి కాంట్రాక్టర్లు చాలామంది ఉన్నారు. పక్కన చూసే మనిషి ఉన్నాడంటే వాళ్లేమీ నొచ్చుకోరు. నొచ్చుకునేవాడిని చూస్తే నాకు ఇప్పుడు టెన్షనే.

మా నాన్న ఇల్లు కట్టించినప్పుడు రోజూ పొద్దున్నే వెళ్లి గోడలు తడిపి వచ్చేవాడు. సిమెంటు వారం రోజులైనా తడిగా ఉండాలని ఎవరో పెద్దమేస్త్రీ చెప్పాడట. నాన్న ఇంజనీర్ కాదు. కానీ రోజూ అక్కడ ఉన్నాడు, తెలియనిది అడిగాడు. మనం ఇక్కడ తాళాలు కాంట్రాక్టర్‌కిచ్చి ఆఫీసుకి వెళ్లిపోతాం. నాన్న నిలబడిన చోట నిలబడడానికి ఒకరికి జీతమిస్తే అందులో చిన్నతనం ఏముంది?

కార్యవర్గానికి చేతులు జోడించి అడుగుతున్నాను. స్టేజీ వెడల్పు చేయడానికి మధ్యగోడ తీసేస్తామని ప్లాన్‌లో ఉంది. అది బరువు మోసే గోడా కాదా అని సమావేశంలో ఎవరూ అడగలేదు. ఆ స్టేజీ మీద డాన్స్ చేసేది మన పిల్లలు. పని మొదలవడానికి ఇంకా ఆరు వారాలుంది. ఈ అంశాన్ని మళ్లీ చర్చకు పెట్టండి. ఆ నాలుగు రాకలకే ఒకరిని మాట్లాడండి, నా వంతు చందా ముందే ఇస్తాను. ఆ గోడ గురించి తెలిసిన మనిషి కాగితం మీద రాసి ఇచ్చేదాకా దాని మీద సుత్తి పడనివ్వకండి.